తీర్పు దినాన కారంచేడు: దేవుడి న్యాయం గురించి పల్లె అడుగుతున్న ప్రశ్న

పేరాలలో ఒక బుధవారం రాత్రి ప్రార్థన కూటం. పందిరి కింద చాపలేసుకుని ముప్పై మంది దాకా కూర్చున్నారు. అయ్యగారు పాపక్షమాపణ మీద వాక్యం చెప్తున్నారు. ఎంత ఘోర పాపి అయినా చివరి గడియలో మారుమనస్సు పొందితే చాలు, ప్రభువు తోసిపుచ్చడు అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక వరసలో కూర్చున్న ఒక ముసలామె మాత్రం అనలేదు. కూటం అయిపోయాక టీ గ్లాసు పట్టుకుని అయ్యగారి దగ్గరకొచ్చి అడిగింది: "అయ్యగారూ, కారంచేడులో మనోళ్ళని నరికినోళ్ళు కూడా చచ్చేముందు ప్రభువా తప్పైపోయింది అంటే పరలోకానికొస్తారా? అయితే ఆడ కూడా మేం వాళ్ళ పక్కనే ఉండాల్నా?"

అయ్యగారు "దేవుని ఆలోచనలు మనకి అందవమ్మా" అన్నారు. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఆమెకు చాలలేదని మాకు తెలిసింది. మాకూ చాలలేదు. అందుకే ఈ వ్యాసం.

పేరాల అనగానే చరిత్ర పుస్తకాలు చదివిన వాళ్ళకి 1921 గుర్తుకొస్తుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, రామదండు, మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని జనం ఊరొదిలి రామనగర్ పాకల్లో పదకొండు నెలలు గడపడం. అది మంచి కథే. కానీ ఆ చీరాలకే 1985 జులైలో ఇంకో జనం కట్టుబట్టలతో వచ్చి పడ్డారు. కొద్ది మైళ్ళ దూరంలోని కారంచేడు మాదిగపల్లె నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన వాళ్ళు. పన్నుల మీద అలిగి వచ్చిన వాళ్ళు కాదు. వాళ్ళు తలదాచుకున్నది చర్చి ఆవరణలో. మొదటి వలస గురించి పాఠ్యపుస్తకాల్లో పేజీలున్నాయి. రెండోదాన్ని మనమే రాసుకోవాల్సి వచ్చింది.

ఆ గొడవ ఎక్కడ మొదలైందో పాఠకులకు తెలుసు. జులై 16 సాయంత్రం, మాదిగపల్లె జనం తాగే చెరువును కమ్మ కుర్రాళ్ళు మురికి చేస్తుంటే అడిగినందుకు. కొట్టబోతే చేతిలోని బిందె ఎత్తిన ఆమె పేరు మున్నంగి సువార్త. మరునాడు, 17న, ఊరు పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళను చెరిచారు. చనిపోయిన వాళ్ళ పేర్లలో మోషే ఉంది. ఈ పేర్లు చూడండి. సువార్త అంటే శుభవార్త, క్రీస్తు కబురు. మోషే అంటే ఫరో చేతిలోంచి బానిసల్ని విడిపించినవాడు. మన పల్లెల్లో ఈ పేర్లు ఊరికే పెట్టుకున్నవి కావు. ఒక దేవుడు ఉన్నాడనీ, ఆయన తీర్పు తీరుస్తాడనీ నమ్మి పెట్టుకున్నవి. కనుక ముసలామె ప్రశ్న దైవశాస్త్ర కళాశాలలో అడిగే ప్రశ్నలాంటిది కాదు. ఆ నమ్మకానికి బాకీ వసూలు లాంటిది.

ముందు క్రైస్తవ బోధ ఏం చెప్తుందో సూటిగా చూద్దాం. దేవుడు నీతిమంతుడు, పాపాన్ని చూసి ఊరుకోడు. అదే దేవుడు కనికరం గలవాడు, పాపి నశించడం ఆయనకిష్టం లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? శిక్షిస్తే కనికరం ఎక్కడ, వదిలేస్తే నీతి ఎక్కడ? దీనికి సంఘం ఇచ్చిన జవాబు సిలువ. పాపికి పడాల్సిన శిక్ష క్రీస్తు మీద పడింది, నమ్మిన వాడికి విడుదల దొరికింది. లూథరన్లయినా బాప్టిస్టులయినా మన పల్లెల్లో ప్రకటించింది ఇదే. రక్షణ క్రియల వల్ల రాదు, విశ్వాసం వల్ల వస్తుంది. కులం వల్ల, పుట్టుక వల్ల, చదువు వల్ల అసలే రాదు.

ఈ బోధ మొదట వచ్చినప్పుడు మన తాతలకు ఎందుకంత పట్టుకుందో ఆలోచించాలి. 1876-78 కరువు ఎంత భయంకరమైనదో ఇక్కడి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్ళు బియ్యం కోసం మతం మార్చుకున్నారని ఇప్పటికీ ఎకసెక్కాలాడే పండితులు ఈ వరసక్రమాన్ని ఒకసారి చూసుకుంటే బాగుంటుంది. ఆ దారి తెరిచింది కూడా దొర కాదు. తాళ్ళకొండపాడు నుంచి వచ్చిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ.

ఇక్కడ అసలు విషయం 'అందరూ పాపులే' అన్న మాట. చదువుకున్న మన మిత్రుల్లో చాలామందికి ఈ మాట గిట్టదు. ఇప్పటికే అవమానాలు పడ్డవాణ్ణి పాపివి అనడం ఏమిటంటారు. మేమూ విశ్వవిద్యాలయానికి వచ్చిన కొత్తల్లో అలాగే అనుకున్నాం. కానీ కర్మ సిద్ధాంతం పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కర్మ ప్రకారం నువ్వు మాదిగవై పుట్టడమే నీ పాపానికి రుజువు, దొర దొరై పుట్టడమే అతని పుణ్యానికి రుజువు. పుట్టకముందే తీర్పు అయిపోయింది, ఇక మిగిలింది శిక్ష అనుభవించడమే. ఆదాము కథ ప్రకారం పాపం అందరి నెత్తినా ఒకే ఎత్తున ఉంది. కరణానికీ, మునసబుకీ, శిస్తు కట్టే ఆసామికీ, చెప్పులు కుట్టేవాడికీ. వేల ఏళ్ళుగా ఒక్కళ్ళ మీదే మోపిన నింద అందరికీ పంచిపెట్టినప్పుడు, ఆ ఒక్కళ్ళ భుజం తేలికపడుతుంది. పల్లెకి ఆ 'పాపి' అన్న మాటలో వినిపించింది నింద కాదు, సమానత్వం.

పుట్టుకతో నేరం అంటగట్టడం ఒక్క బ్రాహ్మణ శాస్త్రాల పనే అనుకుంటే పొరపాటు. బాపట్లకీ చీరాలకీ మధ్యనే స్టువర్టుపురం ఉంది. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశాక, ఎరుకల వాళ్ళను పుట్టు దొంగలని ముద్రవేసి అక్కడ సెటిల్మెంటు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టుది. హాజరు పట్టీలు, కదలికల మీద ఆంక్షలు, చీరాల పొగాకు కంపెనీలో కూలి. అక్కడ పాపిని రక్షించే పనీ, నేరస్థుణ్ణి కాపలా కాసే పనీ ఒకే చేతిలో ఉన్నాయి. అందరూ పాపులే అని ఆదివారం చెప్పే నోరే, మీరు మాత్రం పుట్టు నేరస్థులు అని సోమవారం పేరు పిలిచింది. తండ్రి పాపాన్ని కొడుకు మొయ్యడని యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం అంతా వాదిస్తుంది. ఆ అధ్యాయం ఆ చర్చిలో ఎన్నిసార్లు చదివారో మరి. చట్టం రద్దయింది 1952లో. ముద్ర ఎప్పుడు పోయిందో ఎరుకల మిత్రులు చెప్పాలి.

సరే, 'అందరూ పాపులే' అన్న మాట దొరనీ కూలీనీ ఒకే వరసలో నిలబెట్టింది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. బాధితుణ్ణీ హంతకుణ్ణీ కూడా అదే వరసలో నిలబెడుతుంది కదా. కారంచేడు తర్వాత, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కట్టి కాలవలో పడేసిన తర్వాత, మన ప్రసంగాల్లో వినిపించింది ఏమిటి? మనమూ పాపులమే, తీర్పు తీర్చవద్దు, పగ తీర్చుట ప్రభువు పని. ఈ మాటలకు బైబిల్లో చోటుంది, కాదనం. కానీ వాటిని ఎవరికి చెప్తున్నారు? ఆ ప్రసంగం వింటున్నది చంపినవాడు కాదు. అతను ఆ చర్చి గుమ్మం తొక్కడు. బిందె ఎత్తిన ఆమెకి, కొడుకుని పోగొట్టుకున్న తల్లికి చెప్తున్నారు.

మన పల్లె చర్చిల్లో చెప్పే పాపాల పట్టీ ఒకసారి గుర్తుచేసుకోండి. తాగుడు, జూదం, సినిమా, తిరునాళ్ళు, సోదె చెప్పించుకోవడం, ఆదివారం పనికి పోవడం. ఇవన్నీ పల్లెవాళ్ళు చేయగల పాపాలు. మంచినీళ్ళ చెరువు పాడుచేయడం, కూలి ఎగ్గొట్టడం, పోరంబోకు ఆక్రమించడం ఆ పట్టీలో ఉండవు. ఊళ్ళో జరిగే పాపానికి పల్లెలో పేరు లేదు. ఇది మొదటినుంచీ ఇలా లేదని కూడా గుర్తుంచుకోవాలి. క్లౌ కాలంలో కొత్త విశ్వాసులకు మూడు నియమాలు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి అచ్చం మతం మాటలే. కానీ ఆదివారం పనికి రానంటే వెట్టి ఆగుతుంది. చచ్చిన గొడ్డు ముట్టనంటే, జాతరలో డప్పు కొట్టనంటే కులవృత్తి ఆగుతుంది. అందుకే కరణాలూ మునసబులూ ఆ పేద క్రైస్తవుల మీద విరుచుకుపడ్డారు. అప్పట్లో పాపం మానడమంటే దొరకి ఎదురు తిరగడం. తర్వాత తర్వాత అది బుద్ధిగా ఉండడంగా మారింది.

ఈ మార్పుకి మూలం ఎక్కడుందని వెతుకుతూ పోతే మాకు ఒక ఆసక్తికరమైన విషయం తగిలింది. సిలువను శిక్షతో, బాకీతో ముడిపెట్టి వివరించే పద్ధతికి గట్టి పునాది వేసిన వాళ్ళలో ముఖ్యుడు అన్సెల్ము, ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. దేవుడు మనిషి ఎందుకయ్యాడన్న ప్రశ్న మీద ఆయన పుస్తకం 1098లో ముగిసింది. ఆయన వాదం సారాంశం ఇది: పాపమంటే దేవుడికి చెల్లించాల్సిన గౌరవాన్ని ఎగ్గొట్టడం. ఆయన ఘనతకు కొలత లేదు గనుక ఆ అప్పుకీ కొలత లేదు. మనిషి తీర్చలేడు, దేవుడే మనిషై తీర్చాలి. ఆయన బతికింది ప్రభువులూ కౌలుదార్లూ ఉన్న భూస్వామ్య లోకంలో. అక్కడ నేరం బరువు దెబ్బ తిన్నవాడి హోదాని బట్టి ఉంటుంది. ఈ లెక్క మనకి కొత్తదా? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో శిక్షలన్నీ వర్ణాన్ని బట్టే ఉన్నాయి. కారంచేడులో కూడా ఇదే లెక్క. ఒక మాదిగ ఆడమనిషి దొర బిడ్డ మీద బిందె ఎత్తింది. దెబ్బ చిన్నది, కానీ పరువు పెద్దది. కనుక ఆరు ప్రాణాలు. అన్సెల్ముకి ఈ పోలిక చెప్తే నొచ్చుకునేవాడే. అయినా పరువు లెక్కన నేరాన్ని తూచే దేవుణ్ణి పల్లె నమ్మడం కష్టమని మా అభిప్రాయం.

బైబిల్లోని కథలు వేరే లెక్క చెప్తాయి. కయీను హేబెలును చంపినప్పుడు కేసు పెట్టింది ఎవరు? నేలలోంచి రక్తమే మొరపెట్టింది. దేవుడు తన గౌరవం గురించి అడగలేదు, తమ్ముడు ఎక్కడని అడిగాడు. మత్తయి ఇరవై ఐదులో తీర్పు దినం బొమ్మ ఉంది. గొర్రెలూ మేకలూ విడిపోతాయి. అక్కడ న్యాయాధిపతి విశ్వాస ప్రమాణం అప్పగించమనలేదు. ఆకలేసినప్పుడు పెట్టావా, దాహమైనప్పుడు నీళ్ళిచ్చావా, చెరసాలలో ఉంటే వచ్చావా అన్నాడు. ఆ దప్పిగొన్నవాణ్ణి నేనే అన్నాడు. నీళ్ళ దగ్గర మొదలైన హత్యాకాండ గురించి మాట్లాడేటప్పుడు ఈ అధ్యాయాన్ని వదిలేసి ఇంకేదో చదివే అయ్యగార్లని చూస్తే మాకు ఆశ్చర్యమేస్తుంది.

దేవుడికి పక్షపాతం లేదని రోమా పత్రిక రెండో అధ్యాయం అంటుంది. పక్షపాతం లేకపోవడమంటే ఇద్దరికీ సమాన దూరంలో కూర్చోవడం అని మన కోర్టులు అనుకుంటాయి. చుండూరు కేసు చూడండి. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికే పదమూడేళ్ళు పట్టింది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని అందర్నీ వదిలేసింది. కారంచేడు కేసులో కింది కోర్టు వేసిన యావజ్జీవ శిక్షల్ని 1998లో హైకోర్టు కొట్టేస్తే, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది. 23 ఏళ్ళ తర్వాత. మూడేళ్ళు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాదు. ఇక్కడి పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ కారణం మీదే కొట్టేసింది. క్రైస్తవంలో కులం లేదు గనుక అట్రాసిటీ చట్టం వర్తించదట. తిట్టినవాడికి మాత్రం అతని కులం గుర్తుంది. లూకా పద్దెనిమిదిలో ఒక విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకి పదేపదే వెళ్తుంది. చుండూరు ఆడవాళ్ళు పదహారేళ్ళు కోర్టు చుట్టూ తిరిగినప్పుడు ఆ కథకి వ్యాఖ్యానం రాసినట్టే. తేడా ఏమిటంటే, కథలో ఆమె పోరు భరించలేకైనా ఆ జడ్జి న్యాయం చేశాడు.

సమాన దూరం న్యాయం కాదని క్లౌకి కూడా ఒక దశలో తెలిసొచ్చింది. ఒంగోలులో మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని అగ్రకులాల వాళ్ళు తేల్చి చెప్పారు. ఆయనా, ఆయన భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని ఆయన రాసుకున్నాడు. లోకం నీచమని ఎంచిన వాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. ఆయన మాదిగల వైపు తేల్చుకున్నాడు. అద్భుతమో కాకతాళీయమో మాకు ముఖ్యం కాదు. ఒక పక్షం తీసుకోవడం వల్లే అక్కడ న్యాయం మొదలైంది. వందేళ్ళ తర్వాత, 1980లలో, బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతం పేరుతో చెప్పింది ఈ పక్షాన్నే. బాధననుభవించే దేవుడు దళితుడే అన్నాడు. పల్లెకి ఇది అర్థం కావడానికి సెమినారీ అక్కర్లేదు. క్రైస్తవుడైన జాషువా 'గబ్బిలం'లో తన మొర క్రీస్తుకి కాక కాశీలోని శివుడికి పంపాడు. ఎందుకని చాలామంది అడుగుతారు. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ళ దేవుడికే పంపాడని మేం అనుకుంటాం.

ఇప్పుడు ముసలామె ప్రశ్న. చంపినవాడు పశ్చాత్తాపపడితే? యోనా కూడా ఇదే కోపంతో నీనెవె బయట సొరచెట్టు నీడన కూర్చున్నాడు. తన జనాన్ని తొక్కిన పట్టణాన్ని దేవుడు వదిలేశాడని. ఆ కథలో దేవుడు యోనా కోపాన్ని తిట్టలేదు, అతనితో వాదించాడు. అంటే ఈ ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదు. రెండోది, నీనెవె వాళ్ళు ఊరికే ప్రార్థన చేసి ఊరుకోలేదు. రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, చేతుల్లోని బలాత్కారం మానమని ఊరంతా చాటించాడు. కారంచేడులో అలాంటి దండోరా ఎవరూ వినలేదు.

మారుమనస్సు అంటే ఏమిటో జక్కయ్య కథ ఇంకా వివరంగా చెప్తుంది. యెరికోలో సుంకపు గుత్తదారు, పొట్టివాడు, మేడిచెట్టెక్కాడు. ఆదివారం బడి పిల్లలకి ఇంతవరకే చెప్తారు. కానీ యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ఎప్పుడన్నాడు? సగం ఆస్తి బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాను అని జక్కయ్య లేచి నిలబడి చెప్పాక. చెట్టు దిగినందుకు కాదు. దీన్నిబట్టి చూస్తే చివరి గడియలో మంచం మీద పడుకుని అనే ఒక్క మాట సంగతి అంత తేలిక కాదు. సిలువ మీది దొంగ ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు. అతను తనకు పడిన శిక్ష న్యాయమేనని ఒప్పుకున్నాడు, ఆ శిక్ష అనుభవిస్తూ అడిగాడు. హైకోర్టులో విడుదలై వచ్చి అడగలేదు.

ఇంకో చిక్కు ఉంది. క్షమించే హక్కు ఎవరిది? దేవుడిదే అని బోధ. కానీ బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు అతని దగ్గరకి వెళ్ళమని కొండమీది ప్రసంగం. అంటే పరలోకానికి దారి పల్లె మీదుగానే పోతుంది. ఆ చెరువు గట్టు మీదుగా. పల్లెని తప్పించుకుని నేరుగా దేవుడి దగ్గర రాజీ కుదుర్చుకోవడానికి ఈ గ్రంథంలో వీలు కనిపించడం లేదు. ఇది మా చదువు. పెద్దలు కాదంటే ఎక్కడ కాదో చూపించాలి.

మేం ఈ మాటలే పేరాలలో ఆ ముసలామెకి చెప్పాం. మరీ ఇన్ని అధ్యాయాల లెక్కలతో కాదు. శ్రద్ధగా విన్నది. అప్పుడే వచ్చిన అయ్యగారు కూడా విన్నారు. తర్వాతి బుధవారం ఆయన నాబోతు కథ చదివారు. రాజు అహాబుకి పేదవాడి ద్రాక్షతోట కావాల్సొచ్చింది, తాతల భూమి అమ్మనన్నాడు. యెజెబెలు దొంగ సాక్షుల్ని పెట్టి రాళ్ళతో కొట్టించింది. ఏలీయా వచ్చి రాజు మొహం మీదే హంతకుడివన్నాడు. అహాబు గోనె కట్టుకున్నాడు, దేవుడు ఆ కీడును కొడుకు రోజులకు వాయిదా వేశాడు. ఆ మాట దగ్గర పందిరి కింద కదలిక వచ్చింది. వాయిదాలు వాళ్ళకి తెలుసు.

ముసలామె ఈసారి ముందు వరసలోనే కూర్చుంది. కూటం మధ్యలోనే అడిగింది: "అయ్యగారూ, ఆ తోట మళ్ళా నాబోతు పిల్లలకిచ్చారా?"

అయ్యగారు రాజుల రెండో గ్రంథం దాకా తిప్పారు. అహాబు కొడుకు శవాన్ని ఆ పొలంలోనే పడేశారని ఉంది. అదే అధ్యాయంలో నాబోతు కొడుకుల రక్తం మాట కూడా ఉంది. వాళ్ళనీ చంపారన్నమాట. తోట ఎవరికి వచ్చిందో లేదు. ఆయన అదే చెప్పారు, లేదమ్మా అని. "అయితే రాయాల్సింది ఇంకా ఉండాది" అన్నది ఆమె.